పళ్ళెం మీద చప్పుడు

ఐర్లండ్‌లోని ములింగార్‌లో అక్టోబరు వచ్చిందంటే తెల్లవారడానికి కూడా బద్ధకమే. కమల మాత్రం ఎప్పటిలాగే చీకట్లోనే లేచి, శాలువా కప్పుకుని, మెట్లు దిగి వంటింట్లోకి వచ్చి లైటు వేసింది. టేబుల్ మీద స్టీలు పళ్ళెం ఉంది. రాత్రి దాన్ని కడిగి, తుడిచి, ప్రెస్‌లో పెట్టి తలుపు మూసింది తనే. ఇక్కడివాళ్ళు అల్మారాని ప్రెస్ అంటారు, ఆమెకూ ఆ మాటే అలవాటైపోయింది. కాకినాడ నుంచి బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్న పాత పళ్ళెం అది. కొన్నాళ్ళుగా రోజూ పొద్దున్నే ఇలా బయటికి వచ్చి కూర్చుంటోంది.

కెటిల్ పెట్టేలోపే ముందుగదిలోంచి చప్పుడు వచ్చింది. ఖటక్. కాసేపాగి మళ్ళీ ఖటక్. ఆ తర్వాత గుడ్డతో దేన్నో మెల్లగా రుద్దుతున్నట్టు, దాని వెనకే పళ్ళెం మీద ఇనప వస్తువు పెట్టినట్టు సన్నగా టింగుమని. కమల కళ్ళు తన చేతికింద ఉన్న పళ్ళెం మీదే ఉన్నాయి. దాని మీద ఏమీ లేదు.

ఆ ఖటక్ ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. భర్త మహీధర్ పోలీసు ఎస్సైగా చేసేవాడు. డ్యూటీ నుంచి రాగానే పిస్టల్‌లోంచి గుళ్ళు తీసేసి, పైభాగం వెనక్కి లాగి, లోపల ఏమీ లేదని ఆమెకు చూపించి, "ఖాళీ" అనేవాడు. ఆ మాట అయ్యాకే చెప్పులు విడిచేవాడు. ఆయన పోయి ఇన్నేళ్ళయ్యాక, ఈ పరాయి దేశంలో, కూతురు అద్దెకు తీసుకున్న ఇంట్లో అదే చప్పుడు. ఖటక్ సరే, తెలిసిందే. ఆ గుడ్డ చప్పుడు, ఆ పళ్ళెం చప్పుడు ఎక్కడివి? ఆయన బతికుండగా అవి ఆమె ఎన్నడూ వినలేదు.

కూతురు అలేఖ్యకు మొదట్లోనే సగం చెప్పింది, ఖటక్‌మని వినిపిస్తోందని. అలేఖ్య లిమరిక్‌లో చదువుకోవడానికి వచ్చి, ఇక్కడే గార్డుల్లో చేరింది. గార్డులంటే ఇక్కడి పోలీసులు. డిటెక్టివ్ అయింది కాబట్టి అనుమానాలు ఎక్కువ, అమ్మ విషయంలో భయం ఇంకా ఎక్కువ. వెంటనే జీపీ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ డాక్టరు చెవులు చూసి, రక్తం చూసి, అంతా గ్రాండ్, అంటే బాగానే ఉంది అన్నాడు. ఒంటరితనం అయ్యుంటుందని మెల్లగా అలేఖ్య చెవిలో వేశాడు. అప్పటినుంచి కమల ఆ ఊసెత్తడం మానేసింది.

అలేఖ్య తల తుడుచుకుంటూ కిందికి వచ్చి, టీ కప్పు చేతిలోకి తీసుకుని, ఇవాళ మధ్యాహ్నంలోగా తన నిర్ణయం చెప్పాలంది. ఆమె బృందం రోజూ నడుముకు పెట్టుకునే పిస్టళ్ళు మారుస్తున్నారు. రెండు రకాలు తెచ్చి అందరిచేతా కాల్పించారు. మొదటిది తేలిక, చిన్న చేతిలో చక్కగా ఇముడుతుంది, గురి తప్పదు. రెండోది బరువు, అందం చందం లేదు, కానీ ఎన్నిసార్లు కాల్చినా మొరాయించలేదు. శిక్షణ ఇచ్చే జెర్రీ మాత్రం నీ చెయ్యి ఏది ఒప్పుకుంటే అది తీసుకో అన్నాడట. తనకు మొదటిదే నచ్చిందని, దాన్నే అడుగుతానని అలేఖ్య ఉత్సాహంగా చెప్పుకుపోతోంది.

కమల కప్పు కింద పెట్టేసింది. ఇన్నాళ్ళూ కూతురిది ఆఫీసు ఉద్యోగంలాంటిదేనని తనను తాను మభ్యపెట్టుకుంది. ఇక వల్ల కాలేదు.

"రెండూ వద్దు. పిస్టల్ లేని పని అడుగు. లేదంటే నాకు టికెట్ తీసెయ్, నేను కాకినాడ పోతాను."

అలేఖ్యకు కోపం వచ్చింది. ఇంత కష్టపడి ఇక్కడిదాకా వచ్చింది మానెయ్యడానికా అని అడిగింది. నాన్న పోయినప్పటినుంచి ఆయనలాగే అవ్వాలనుకున్నానని, ఆ మాట తెలిసీ ఇన్నేళ్ళు ఊరుకుని ఇవాళ అడ్డం పడటం అన్యాయమని అంది. అసలు తను ఏ పిస్టల్ తీసుకుంటే అమ్మకేమిటి, ఏ పరీక్షలు పెట్టారో అమ్మకేం తెలుసు? వాటిని తడిపారు, చలిలో పెట్టారు, ఇసక కూడా పోశారు.

"ఇసక పోశారు సరే. కుంకుమ పోసి చూశారా?"

అలేఖ్య తెల్లబోయింది. తల్లి ముఖంలో వెటకారం లేదు. ముందుగదిలో మళ్ళీ ఖటక్‌మంది. అలేఖ్య చటుక్కున అటు తిరిగి, మళ్ళీ తల్లివైపు చూసింది. విన్నానని మాత్రం ఒప్పుకోలేదు.

కమల చెప్పడం మొదలుపెట్టింది. ఆయన పోయిన ఏడు దసరాకి ఆయుధపూజ ఇంట్లో కూడా చెయ్యాలని తనే పట్టుపట్టింది. ఆయన నవ్వుతూ పిస్టల్ తెచ్చి దేవుడి ముందు పెట్టాడు. పసుపు రాసింది, గంధం రాసింది, దోసిట్లో మిగిలిన కుంకుమంతా చల్లింది. చాల్లేవే, అదేమన్నా పెళ్ళికూతురా అన్నాడాయన. మర్నాడు హైవే మీద దోపిడీ దొంగలు ఎదురైతే ఆ పిస్టల్ పేలలేదు. వాళ్ళది పేలింది. ఆయనతో పనిచేసిన దశరథ, గుండు పాతబడి పేలలేదని చెప్పాడు. అది తనను ఓదార్చడానికి అన్న మాటని ఆమెకు తెలుసు.

"నా కుంకుమ లోపలికి పోయి అడ్డం పడింది తల్లీ. నా చేత్తో నేనే ఆయన్ని చంపుకున్నాను. ఇప్పుడు ఆయన రోజూ వచ్చి, దాన్ని లాగి లాగి నాకు చూపిస్తున్నాడు. గుడ్డతో రుద్దుతాడు. పళ్ళెం మీద పెడతాడు. ఎంత రుద్దినా పోవట్లేదు కాబోలు."

అలేఖ్య టీ కప్పు పక్కన పెట్టేసింది.

"ఏ పళ్ళెం?"

"ఇదే. రోజూ ప్రెస్‌లోంచి బయటికొస్తోంది. నేనే మర్చిపోయానని నువ్వు అనుకుంటావని చెప్పలేదు."

అలేఖ్య కుర్చీలో కూర్చుని ఆ పళ్ళేన్ని దగ్గరికి లాక్కుంది. మాట్లాడినప్పుడు ఆమె గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

"పూజ మర్నాడు పొద్దున్న నువ్వు పెరట్లో తలంటు పోసుకుంటున్నావు. నాన్న ముందుగదిలో కింద కూర్చున్నారు. ఈ పళ్ళెంలోనే అమ్మా, పిస్టల్ ముక్కలన్నీ విప్పి పెట్టారు. పాత బనియను గుడ్డతో ప్రతి ముక్కా తుడిచారు. గుడ్డంతా ఎర్రగా అయింది. అన్నీ బిగించి, వెనక్కి లాగి, నాకు చూపించి ఖాళీ అన్నారు. ఒక్క రేణువు కూడా లేదు. నేను చూశాను."

ఇంత కాలం ఎందుకు చెప్పలేదని కమల అడిగింది.

"అమ్మకు చెప్పకు అన్నారు. అమ్మ పెట్టిన బొట్టు తుడిచానని తెలిస్తే బాధపడుతుందన్నారు. సాయంత్రం ఆయన్ని తీసుకొచ్చారు. తర్వాత అందరూ కలిసి నీ బొట్టు తుడిచారు. నాన్న తుడిచినందుకే నీదీ పోయిందనుకున్నాను. నేను చూస్తూ ఊరుకున్నాను కదా అనుకున్నాను. ఎలా చెప్పను?"

ఒకే ఇంట్లో, ఒకే మనిషి కోసం, తల్లి కుంకుమ పెట్టినందుకు ఏడ్చింది, కూతురు అది తుడిచినందుకు ఏడ్చింది. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోకుండా ఇన్నేళ్ళు గడిపేశారు. కమల కూతురి తలను పొట్టకు అదుముకుని, పిచ్చితల్లీ, అప్పటికి ఎనిమిదేళ్ళ పిల్లవి, నీకేం తెలుసే అంటూ భోరున ఏడ్చింది. అలేఖ్య కూడా ఆపుకోలేదు. ముందుగదిలోంచి ఏ చప్పుడూ రాలేదు.

ఏడుపు తెరిపినపడ్డాక కమలే ముందు తేరుకుంది. ఇంతకీ రెండింటిలో ఇసక పోసినా ఆగనిది ఏదని అడిగింది. రెండోదని, మొదటిది ఒకసారి ఆగిందని అలేఖ్య ఒప్పుకుంది. ఆ సంగతి ఇందాక కావాలనే దాచింది.

"అయితే ఆ బరువుదే అడుగు. చెయ్యి నొప్పెడితే రాత్రికి నేను నూనె రాస్తాను."

అలేఖ్య తలూపింది. ఆవేళ విజయదశమి. కమల దేవుడి దగ్గరనుంచి కుంకుమ భరిణె తెచ్చి, మూత తీసి, ఒక్క క్షణం తటపటాయించి, కూతురి నుదుట ఎర్రగా బొట్టు పెట్టింది. పిస్టల్ ఎలాగూ స్టేషన్ దాటి ఇంటికి రాదు. వచ్చినా దానికి పెట్టదు.

అలేఖ్య కోటు వేసుకుని గుమ్మం దగ్గర ఆగింది. నుదుటి మీద చెయ్యి పెట్టుకుని, డ్యూటీలో చెమటకు కారుతుందేమో, అక్కడికి వెళ్ళాక తుడుచుకోనా అని భయంభయంగా అడిగింది.

"తుడుచుకో తల్లీ. తుడిస్తే ఏమీ కాదు."

మర్నాడు కమల చీకట్లోనే లేచి కిందికి వచ్చింది. టేబుల్ మీద ఏమీ లేదు. కెటిల్ పెట్టి, ముందుగదివైపు చెవి ఒగ్గి చాలాసేపు నిలబడింది. బయట వాన, లోపల హీటింగ్ గొట్టాల టిక్కుటిక్కు, అంతే. ఆమెకు కొంచెం దిగులేసింది కూడా. చివరికి ప్రెస్ తెరిచింది. పళ్ళెం పెట్టినచోటే ఉంది. తనే దాన్ని బయటికి తీసి, కొంగుతో తుడిచి, అందులో కూతురికి వేడివేడిగా ఉప్మా వడ్డించింది.