ఆముదం కరిగింది కదా!

నాకు కెమిస్ట్రీలో డిగ్రీ ఉంది. నేను చెప్పకపోతే ఆ సంగతి ఎవరికీ తెలియదు కాబట్టి, అడగకపోయినా అందరికీ చెబుతుంటాను.

మా మామయ్యకి సాల్వెంట్ల కొట్టు ఉంది. ఆల్కహాల్, థిన్నర్, వైట్ పెట్రోల్ లాంటివి సీసాల్లో పోసి అమ్ముతాం. మామయ్య పని మీద రెండు రోజులు పొరుగూరు వెళ్తే కౌంటర్ నా చేతికొచ్చింది. చెట్టు లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం అన్నట్టు, ఆ రెండు రోజులూ మా వీధికి శాస్త్రవేత్తని నేనే.

సరిగ్గా అప్పుడే ఆ అమ్మాయి వచ్చింది. ఎదురు వరసలో వాచీలు బాగుచేసే ఆయన కూతురు.

"వైట్ పెట్రోల్ ఇస్తారా? పాత వాచీ ఒకటి విప్పాను. చక్రాలకి జిడ్డు పట్టేసింది."

వైట్ పెట్రోల్ పై అరలో ఉంది. నిచ్చెన ఎక్కితే ఆమెకి నా చెప్పుల అడుగు భాగం తప్ప ఇంకేమీ కనబడదు. ఆల్కహాల్ మాత్రం చేతికందే దూరంలో ఉంది.

"ఆ వాసన ఎందుకండీ? ఆల్కహాల్ తీసుకెళ్ళండి. నాకు కెమిస్ట్రీలో డిగ్రీ ఉంది."

"నాన్న ఎప్పుడూ వైట్ పెట్రోలే వాడతారు."

"పెద్దవాళ్ళు అలవాటు మార్చుకోరు. ఇటు చూడండి."

గ్లాసులో ఆల్కహాల్ పోశాను. నూనె కోసం వెతికితే మామయ్య మోకాళ్ళకి రాసుకునే ఆముదం దొరికింది. నాలుగు చుక్కలు వేసి తిప్పాను. ఆముదం ఆనవాలు లేకుండా కరిగిపోయింది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. ఆ కళ్ళు చూశాక నాలో ఉన్న కాస్త బుద్ధీ కరిగిపోయింది.

"అన్ని నూనెలూ ఇలాగే కరుగుతాయా?"

"నూనె అంటే నూనేనండీ!"

ఇంత తెలివితక్కువ మాట అంత ధీమాగా చెప్పాలంటే డిగ్రీ ఉండాలి.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. నేను జుట్టు సర్దుకునేలోపే సీసా ఠక్కున కౌంటర్ మీద పెట్టింది. వాచీలు చూసే భూతద్దం నుదుటి మీదికి తోసి ఉండటంతో మూడో కన్ను తెరిచినట్టే ఉంది.

"జిడ్డు పోలేదు."

"కాసేపు నానబెడితే..."

"రాత్రంతా నానబెట్టాను. జిడ్డు ఎక్కడిదక్కడే ఉంది. లక్క మాత్రం కరిగిపోయింది."

"లక్కా?"

"వాచీలో ఆవగింజలో సగం ఉండే కెంపు ఉంటుంది. దాన్ని లక్కతో అతికిస్తారు. ఇప్పుడది ఊడిపోయింది. ఎక్కడ పడిందో కనబడటం లేదు." "ఈ ఒక్క వాచీ ఒక్కదానివే బాగుచేసి చూపించు, రేపటి నుంచి నా పని బల్ల నీదే అన్నారు నాన్న. రెండేళ్ళుగా ఆ మాట కోసమే చూస్తున్నాను. సాయంత్రం ఆరింటికి ఆయన వచ్చేస్తారు."

నా మొహం ఆముదం తాగినట్టయింది. మళ్ళీ గ్లాసులో ఆల్కహాల్ పోసి, ఈసారి కుట్టు మిషన్ నూనె వేశాను. నీళ్ళ మీద తేలే నూనె ఆల్కహాల్లో అడుక్కి జారి అక్కడే కూర్చుంది. తిప్పితే చెదిరి, మళ్ళీ అడుక్కే చేరింది. అప్పుడు గుర్తొచ్చింది. ఆల్కహాల్లో అంత సులువుగా కరిగేది ఆముదమే, మిగతావి అలా లొంగవని క్లాసులో చెప్పారు. ఆ రోజు నేను క్లాసులోనే ఉన్నాను. కిటికీలోంచి బయటికి చూస్తున్నాను.

"తప్పు నాదేనండీ. తెలియకుండా తెలిసినట్టు చెప్పాను. ఆ ఆల్కహాల్ పారబోశారా?"

"లేదు. మీ మొహాన పొయ్యడానికే సీసాలో పోసి తెచ్చాను."

"పొయ్యండి. కానీ ముందు వడకడదాం."

తెల్ల రుమాలు పరిచి సీసా మెల్లగా వంచాం. ఆఖరి చుక్కతో పాటు ఎర్రటి నలుసు ఒకటి జారింది. "అమ్మయ్య!" అంటూ ఆమె నా చెయ్యి పట్టుకుని, వెంటనే వదిలేసింది. నేను నిచ్చెన ఎక్కి వైట్ పెట్రోల్ దించాను. పైనుంచి చూస్తే ఆమె నవ్వు ఇంకా బాగుంది. నిన్ననే ఎక్కి ఉండాల్సింది.

కొట్టు మూసి ఆమెతో వాళ్ళ కొట్టుకి వెళ్ళాను. వైట్ పెట్రోల్లో చక్రాలు ఇలా ముంచితే జిడ్డు అలా వదిలింది. తర్వాత ఆమె పెట్రోల్ దూరంగా పెట్టి, కెంపుని పట్టకారుతో పట్టుకుని, లక్క పలుకుకి వేడి తగిలించింది.

"ఊపిరి బిగబట్టండి. మీరు నిట్టూరిస్తే రాయి ఎగిరిపోతుంది."

బిగబట్టాను. ఆమె జుట్టు నా చెంపకి జానెడు దూరంలో ఉంది. కెంపు అతుక్కునేసరికి నా మొహం దానికన్నా ఎర్రబడింది. ఊపిరాడకే అనుకుని ఉంటుంది.

ఆరింటికి వాళ్ళ నాన్నగారు వచ్చి, వాచీ చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. తలూపారు. తర్వాత నన్ను చూశారు.

"ఒక్కదానివే చేశావా?"

నా వల్ల ఆ బల్ల పోతుందేమో అనిపించింది. ఆమె నోరు తెరిచేలోపే లేచాను.

"కెంపు ఊడగొట్టింది నేనండీ. అతికించింది మీ అమ్మాయి. నేను చేసిన సాయమల్లా ఊపిరి పీల్చకపోవడం."

"కాదు నాన్నా. నీ మాట కాదని ఈయన మాట విన్నాను. తప్పు నాది."

ఆయన మమ్మల్ని మార్చి మార్చి చూశారు. "నేను మాత్రం ఆల్కహాల్లో ముంచకుండా నేర్చుకున్నానా? అప్పట్లో నేను ముంచింది మీ అమ్మ వాచీ. కెంపు ఇంకా దొరకలేదని చెప్పడానికి వారం రోజులు వాళ్ళింటి చుట్టూ తిరిగాను."

"తర్వాత?" అన్నాను ఆగలేక.

"తర్వాతేముంది? ఇదిగో," అని కూతుర్ని చూపించి, తన కుర్చీ ఆమె వైపు జరిపారు. "కూర్చో అమ్మా. ఊడింది అతికించడం వచ్చినవాళ్ళదే బల్ల."

రెండు రోజుల తర్వాత ఆమె మా కొట్టుకి వచ్చింది.

"వైట్ పెట్రోల్ అప్పుడే అయిపోయిందా?" అన్నాను.

"సగం కూడా అవలేదు. ఒక మాట అడిగి రమ్మన్నారు నాన్న. ఆ రోజు మీరు అంతసేపు ఊపిరి బిగబట్టింది కెంపు కోసమేనా అని."

"ఆయనే అడగమన్నారా?"

"సరే, నేనే అడుగుతున్నాననుకోండి."

"కెంపు కోసం కాదండీ. మీరంటే నాకు చాలా ఇష్టం."

"ఆలోచించే చెబుతున్నారా? నూనె అంటే నూనేనండీ, అన్నట్టు కాదు కదా?"

"రెండు రాత్రులు నిద్ర లేకుండా పరీక్షించుకున్నాను."

ఆమె తల వంచుకుని నవ్వింది. "అయితే సాయంత్రం వచ్చి ఆ మాటే నాన్నకి చెప్పండి. డిగ్రీ సంగతి మాత్రం ఎత్తకండి."

ఎత్తలేదు. ఆ రోజు కౌంటర్ దగ్గరికి ఎంతమంది వచ్చినా ఒక్కరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి అంతకన్నా మంచి సంగతి దొరికింది.