సంతకం పైన ఖాళీ

గురువారం మధ్యాహ్నం 2:05.

పోలీస్ స్టేషన్‌లోకి ఒక అమ్మాయి వచ్చింది. చేతి మీద ల్యాబ్ కోటు. పొట్టిగా, సన్నగా ఉంది. కాలేజీలో అందరూ పిచ్చుక అని పిలుస్తారు.

"దొంగతనం జరిగింది మేడం."

ఇన్‌స్పెక్టర్ పెన్ను తీసింది. "ఏం పోయింది?"

"నా సంతకం."

పక్క బల్ల దగ్గర హెడ్ కానిస్టేబుల్ టీ గ్లాసు కింద పెట్టాడు.

పిచ్చుక ఫోన్లో ఒక ఫోటో చూపించింది. కోర్టుకు చేరిన ఉత్తరం. టైపు చేసిన ఏడు లైన్లు. 'అతణ్ని క్షమించాను. అతని భవిష్యత్తు పాడవడం నాకు ఇష్టం లేదు. శిక్ష వేయవద్దు.' కింద నీలం సిరా సంతకం. పక్కన సాక్షిగా కాలేజీ డీన్ సంతకం.

"సంతకం నీదేనా?"

"నాదే."

"ఉత్తరం?"

"నాది కాదు. ఇవాళ పొద్దున లాయరుగారు చూపిస్తేనే చూశాను. సంతకం నీదేనంటున్నావు, ఇంక నేనేం చెయ్యను అన్నారాయన."

కేసు పాతదే. ముద్దాయి పిచ్చుక క్లాసు కుర్రాడే, కాలేజీ టీమ్ కెప్టెన్. అందరూ వాణ్ని కెప్టెన్ అనే అంటారు. పోయిన ఏడాది హాస్టల్ వెనక స్టోర్‌రూములో పిచ్చుక మీద అత్యాచారయత్నం చేశాడు. కాలేజీ కమిటీ పదిహేను రోజులు సస్పెండ్ చేసి చేతులు దులుపుకుంది. కోర్టు మాత్రం పోయిన వారం నేరం రుజువైందని తేల్చింది. శిక్ష ఎంతో చెప్పేది రేపు ఉదయం 10:30కి.

"లైబ్రరీ పుస్తకం చింపినందుకు మా వాణ్ని నెల్రోజులు గేటు బయట నిలబెట్టారు మేడం," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "ఆ లెక్కన పుస్తకమే నయం."

"ఉత్తరం నిలబడితే?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

"మంచి నడవడిక బాండు రాయించుకుని వదిలేస్తారట. సోమవారం క్లాసులో ఉంటాడు." పిచ్చుక కోటును ఉండలా నలిపింది. "మా ల్యాబ్‌కి ఒకటే తలుపు మేడం. వాడి బల్ల తలుపు పక్కనే. మంచినీళ్లకి వెళ్లాలన్నా వాణ్ని దాటుకునే వెళ్లాలి. పదకొండు నెలలుగా ల్యాబ్ ఉన్న రోజు నేను నీళ్లు తాగడం మానేశాను."

2:50. కోర్టు రికార్డు రూము.

ఇన్‌స్పెక్టర్ ఫైలును బల్ల మీద నిలబెట్టి తట్టింది. కాగితాల అంచులన్నీ ఒక వరసలోకి వచ్చాయి. ఒక్క ఉత్తరం తప్ప. అది వేలెడు లోపలికి ఉంది.

కొలిచింది. మిగతా వాటికన్నా వెడల్పు తక్కువ. ఎడమ అంచు కత్తెరతో కోసినట్టుంది.

ఇంకొకటి. ఏడే లైన్లు. కానీ పేజీ అంతా పరుచుకున్నాయి. లైనుకీ లైనుకీ మధ్య ఇంకో లైను పట్టేంత జాగా. చివరి లైను సంతకాన్ని ఒరుసుకుంటూ ఆగింది.

లెన్స్ పెట్టి దగ్గర నుంచి నాలుగు ఫోటోలు తీసుకుంది.

3:25. డీన్ గది. కిటికీలో పూలకుండీ. డీన్ కూడా ఆడమనిషే. మాట మెత్తన.

"సంతకం ఎక్కడ పెట్టింది?"

"ఇక్కడే, ఈ బల్ల మీద. నా పెన్నుతో."

"ఎప్పుడు?"

"మంగళవారం, 4:10కి."

"ఉత్తరం అప్పటికే టైపు చేసి ఉందా?"

"ఉంది. రెండుసార్లు చదువుకుంది పిల్ల. తర్వాతే పెట్టింది."

"అంచు ఎందుకు కోశారు?"

"నలిగిందని."

4:05. జీపు. వెనక సీట్లో పిచ్చుక. ఇన్‌స్పెక్టర్ ఫోన్ మోగింది. భర్త. పెళ్లయి పద్దెనిమిది రోజులు. హెడ్ కానిస్టేబుల్ మర్యాదగా కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వాపుకున్నాడు.

"భోంచేశావా?"

"చేశాను. కూరలో ఉప్పు మర్చిపోయారు. అయినా బావుంది."

"అబద్ధమాడినా అందంగా ఆడతావు. సరే, అద్దె కాగితాల మీద నేను సంతకం పెట్టేశా. సాయంత్రం నువ్వూ పెట్టెయ్. ఇంకా ఖాళీగానే ఉన్నాయిలే, ఇంటి ఓనరు తర్వాత టైపు చేసుకుంటాడట."

"ఖాళీ కాగితాల మీద పెట్టారా?"

"అందరూ పెడతారుగా!"

ఇన్‌స్పెక్టర్ సీటులో నిటారుగా కూర్చుంది. తర్వాత ఒక్కసారి నవ్వింది. "మీరు బంగారం. వెంటనే వెళ్లి ఆ కాగితాలు వెనక్కి తెచ్చుకోండి."

వెనక సీటు వైపు తిరిగింది. "పిచ్చుకా, ఖాళీ కాగితం మీద ఎప్పుడైనా సంతకం పెట్టావా?"

"లేదు మేడం." చేతిలోని ల్యాబ్ కోటు చూసుకుంది. "ల్యాబ్‌లో తప్ప. అదీ లెక్కేనా?"

4:40. ల్యాబ్. ఒకటే తలుపు. పిచ్చుక దానికి దూరంగా గోడనానుకుని నిలబడింది. డీన్ వచ్చింది. ల్యాబ్ అటెండర్ తాళంచెవుల గుత్తి పట్టుకుని బిక్కమొహం వేశాడు.

"ప్రయోగానికి ముందు జాగ్రత్తలు పాటిస్తామని ప్రతి స్టూడెంటూ ఒక పత్రం ఇవ్వాలి. అంతేనా?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

"అంతే మేడం. ప్రతిసారీ అరవైమందిని పట్టుకోవడం నావల్ల కాదు. మొదటి రోజే పన్నెండు ఖాళీ కాగితాల మీద పెట్టించేసుకుంటాను. ఆనక టైపు చేస్తాను. ఏళ్ల తరబడి ఇంతే."

"ఇప్పటికి ఎన్ని ప్రయోగాలు అయ్యాయి?"

"తొమ్మిది."

"పిచ్చుక ఫైలు తియ్యండి. ఖాళీవి ఎన్ని ఉండాలి?"

"మూడు." అటెండర్ లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. "రెండే ఉన్నాయి!"

ఇన్‌స్పెక్టర్ ఒక కాగితం ఎత్తి పట్టుకుంది. ఎడమ అంచున ఫైలు తాడుకు రెండు చిల్లులు. "కత్తెర పడింది అంచు నలిగినందుకు కాదు. ఈ చిల్లుల కోసం. ఏడు లైన్లు పేజీ అంతా సాగింది ఇదుగో, ఈ సంతకాన్ని అందుకోవడానికి. సంతకం ముందే అడుగున ఉంది. ఫైలు ఎవరు అడిగారు?"

అటెండర్ నేల చూపులు చూశాడు. "సోమవారం... డీన్ మేడం."

"తనిఖీ కోసం అడిగాను," అంది డీన్.

ఇన్‌స్పెక్టర్ ఫోన్లో ఫోటో పెద్దది చేసింది. "చదివాక సంతకం పెట్టిందన్నారు. అలాగైతే నీలం సిరా నల్ల అక్షరం పైన ఉండాలి. ఇక్కడ అక్షరమే సిరా పైన కూర్చుంది. ముందు సంతకం. తర్వాత ప్రింటు. పొద్దున్నే ఫోరెన్సిక్ వాళ్లు కోర్టులో ఇదే చెబుతారు."

కుళాయి ఒకటి చుక్కలు కారుతోంది.

"రెండు జీవితాలు పాడవడం దేనికి?" డీన్ గొంతు ఇప్పటికీ మెత్తగానే ఉంది. "ఒకటైనా నిలబెడదామనుకున్నాను."

"ఏది నిలబెట్టాలో మీరే తేల్చేశారా మేడం?" అంది పిచ్చుక.

శుక్రవారం 11:20. కోర్టు వరండా.

ఉత్తరాన్ని జడ్జి పక్కన పెట్టారు. డీన్ మీద ఫోర్జరీ కేసు పెట్టమన్నారు. తర్వాత శిక్ష చదివారు. చట్టం ప్రకారం పదేళ్ల వరకూ వేయవచ్చు. చిన్న వయసు, మంచి మార్కులు, పాత నేరాలు లేకపోవడం దృష్టిలో పెట్టుకుని మూడేళ్లు వేశారు.

"మూడేళ్లు," అంది పిచ్చుక. "నా చదువు ఇంకా రెండేళ్లు. అంటే ఆ తలుపు దగ్గర వాడుండడు."

"ఉండడు."

"మరి నాకెన్నేళ్లు మేడం?"

ఇన్‌స్పెక్టర్ సీసా మూత తీసి మంచినీళ్లు అందించింది. పిచ్చుక సగం సీసా గటగటా తాగేసింది.

హెడ్ కానిస్టేబుల్ ఫోర్జరీ కేసులో ఆమె వాంగ్మూలం కాగితాలు తెచ్చాడు. "ఒక్క సంతకం పెట్టమ్మా, అయిపోతుంది."

పిచ్చుక బెంచీ మీద కూర్చుంది. మొదటి అక్షరం నుంచి చదివింది. హెడ్ కానిస్టేబుల్ వాచీ చూసుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ కళ్లతోనే వారించింది.

ఆరు నిమిషాలు పట్టింది.

చివరి పేజీలో కింద నాలుగు లైన్లు పట్టేంత జాగా ఉంది. పిచ్చుక పెన్ను తీసుకుని ఆ ఖాళీ మీద ఈ మూల నుంచి ఆ మూలకి గట్టిగా ఒక గీత గీసింది.

ఆ తర్వాత సంతకం పెట్టింది.