తగలబెట్టడానికి రెండు సోఫాలు

కొత్త ఇంటి వంటగదికి ఆకాశనీలం రంగు పైకప్పు కావాలంది బూషా. పోలిష్ ఇళ్ళల్లో నాయనమ్మని అలాగే పిలుస్తారు. నాయనమ్మ అడగాలేగానీ టాడ్ వ్రోబెల్ ఆ కప్పుకి చుక్కలు కూడా అతికించి ఉండేవాడు. తండ్రి కట్టే ఇళ్ళకి వడ్రంగమూ రంగుల పనీ చూసేది అతనే. నిచ్చెనెక్కి కప్పంతా నీలం పూశాడు. మధ్యమధ్య బిస్కెట్టంత తెల్లటి గుండ్రటి మూతలు అడ్డొస్తే, వాటికీ అదే నీలం వేశాడు. కిందికి దిగి, మూతలెక్కడున్నాయో తనకే కనబడకపోవడం చూసి, తన పనితనానికి తానే మురిసిపోయాడు.

మర్నాడు తనిఖీకి వచ్చిన ఫైర్ ఇన్‌స్పెక్టర్‌కి మాత్రం అవి ఒక్క చూపులో కనబడ్డాయి.

ఆమె పేరు మేవ్ డానలన్. ఈ ఊరి అగ్నిమాపక శాఖలో చేరి ఏడాది కాలేదు. చేతిలో టార్చి, ముక్కు మీద ఎవరో చిటికెడు దాల్చినచెక్క పొడి చల్లినట్టు మచ్చలు. ముందు కప్పు వంక చూసింది, తర్వాత టాడ్ వంక చూసింది. రెంటిలో కప్పుకే కాస్త ఎక్కువ మర్యాద దక్కింది.

“వీటికి రంగెవరు వేశారు?”

“నేనేనండీ. బాగా కలిసిపోయాయి కదా.”

“చాలా బాగా. మంట లేస్తే ఆ వేడికి ఈ మూత ఊడి కింద పడాలి. అప్పుడు దాని వెనకున్న స్ప్రింక్లర్ బయటికొచ్చి నీళ్ళు చల్లాలి. మీరు మూతని కప్పుకి అతికించేశారు. ఇల్లు తగలబడుతున్నా మీ మూత నీలంగా, అందంగా, అక్కడే ఉంటుంది.”

టాడ్‌కి మాటలు తడుముకునే అలవాటు లేదు. అయినా తడుముకున్నాడు. “గీకేస్తే సరిపోతుందా?”

“గీకకూడదు. మూతలన్నీ కొత్తవి పెట్టాలి. రంగు లోపలికి కారినచోట స్ప్రింక్లర్లూ మార్చాలి. అందాకా ఈ ఇంట్లో ఎవరూ కాపురం పెట్టకూడదు.”

మూలన కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తున్న బూషా గొంతు సవరించుకుంది. “ఇదిగో అమ్మాయ్, నా వయసెంతో తెలుసా? నువ్వు సంతకం పెట్టేనాటికి నేనుండద్దూ?”

“ఉండాలనే కదా మామ్మగారూ, పెట్టనిది.”

బూషా మనవడి వైపు తిరిగి, “ఈ పిల్లకి పెళ్ళయిందా?” అనడిగింది, ఆ పిల్ల గదిలో లేనట్టే.

*

అసలు గొడవ మూతలది కాదు. ఊళ్ళో కొత్తగా కట్టే ప్రతి ఇంటికీ స్ప్రింక్లర్లు ఉండాలని ఒక నిబంధన ఉంది. దాన్ని ఎత్తేయాలా, ఉంచాలా అని ఆ అక్టోబరులోనే కౌన్సిల్ ఓటు వేయబోతోంది. ఎత్తేయాలనే ఇళ్ళ బిల్డర్లకి పెద్ద, టాడ్ తండ్రి స్టాన్ వ్రోబెల్. ఆయన సుత్తి పట్టుకుంటే బాగుంటుందిగానీ మైకు పట్టుకుంటే బాగుండదు. అందుకని కౌన్సిల్ ముందు బిల్డర్ల తరఫున మాట్లాడే పని నోరున్న కొడుక్కి అప్పజెప్పారు. అటు నిబంధన ఉంచమని మాట్లాడేది మేవ్. అది పోతే తాను ఈ ఊరికి వచ్చిన పనే పోయినట్టని ఆమె నమ్మకం.

ఇదిలా ఉండగా, ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. ఏటా అగ్నిప్రమాద నివారణ వారంలో ఫైర్ స్టేషన్ పెరట్లో ముందు గోడ లేని గదులు రెండు కట్టి, అచ్చం ఒకేలా సర్ది, ఒకదానికే స్ప్రింక్లర్ పెట్టి, రెంటినీ జనం ముందు తగలబెడతారు. ఆ గదులు కట్టివ్వాల్సింది బిల్డర్లు. పోట్లాట పోట్లాటే, ఆనవాయితీ ఆనవాయితీయే. ఈసారి వంతు వ్రోబెల్ వాళ్ళది.

“కట్టిస్తాం,” అన్నాడు స్టాన్, కొడుకుతో. “గట్టిగా కట్టు. మన పని వంకర అని ఎవరూ అనకూడదు. కాలిపోయినా సరే.”

*

గదులు రెండూ ఒకేలా ఉండాలంటే సామానంతా జంటలుగా కొనాలి. ఆ కొనుగోలుకి బిల్డర్ ఒకడు, ఇన్‌స్పెక్టర్ ఒకరు కలిసి వెళ్ళాలి, ఎవరూ మోసం చేశారనకుండా. అలా టాడ్, మేవ్ కలిసి చర్చివాళ్ళ పాత సామాన్ల కొట్టుకి వెళ్ళారు.

“ఈ సోఫా బాగుంది,” అన్నాడు టాడ్.

“మెత్తగా ఉందా?”

“మీకు మెత్తదనంతో ఏం పని? కూర్చుంటారా ఏంటి?”

“లోపల స్పంజి ఎక్కువుంటే తొందరగా అంటుకుంటుంది. ఈ రోజుల్లో అందరిళ్ళల్లో ఉండేవి అలాంటివే.” మేవ్ కూర్చుని చూసింది. “బాగుంది. ఇలాంటిదే ఇంకోటుందేమో చూడండి.”

కొట్టు చూసుకునే పెద్దావిడ వాళ్ళని ఎప్పట్నుంచో గమనిస్తోంది. దగ్గరికొచ్చి సోఫా మీద చెయ్యి వేసి, కళ్ళు చెమ్మగిల్లేలా నవ్వింది. “కొత్త కాపురమా?”

“కాదండీ,” అంది మేవ్, “తగలబెట్టడానికి.”

ఆవిడ టాడ్ వైపు జాలిగా చూసింది. “అప్పుడే?”

బయటికొచ్చి ట్రక్కులో కూర్చున్నాక కూడా టాడ్ నవ్వాపుకోలేకపోయాడు. మేవ్ కిటికీలోంచి బయటికి చూస్తూ పెదవి కొరుక్కుంది. కాసేపటికి అదీ నిలవలేదు. రెండు సోఫాలు, రెండు దీపాలు, రెండు జతల తెరలు వెనకేసుకుని, ఇద్దరూ ట్రక్కు ఊగేలా నవ్వారు. ఊరు చూసింది. ఊరికి అంతకంటే పనేముంది?

*

గదులు కడుతున్నన్నాళ్ళూ మేవ్ రోజూ వచ్చింది. కొలతలు చూడ్డానికి అనేది. మొదట్లో ఓ మాటు వచ్చేది. తర్వాత్తర్వాత కొలతలు మరీ ఎక్కువసేపు చూడవలసి వచ్చింది. మీరు, అండీ అన్న మాటలు ఎప్పుడు రాలిపోయాయో ఇద్దరికీ తెలియదు.

“సోఫా రెండు గదుల్లోనూ కిటికీ కిందే పెట్టావేం?” అనడిగింది ఓ సాయంత్రం.

“బూషా సోఫా అక్కడే ఉంటుంది. మధ్యాహ్నం దాని మీదే కునుకు తీస్తుంది. నా చేతికి గదంటే అదే తెలుసు.”

మేవ్ తలూపి, జేబులోంచి ఇత్తడి స్ప్రింక్లర్ ఒకటి తీసి అతని అరచేతిలో పెట్టింది. దాని నడుమ బియ్యపు గింజకంటే కాస్త పొడుగ్గా సన్నటి గాజుగొట్టం, అందులో ఎర్రటి ద్రవం.

“నీళ్ళని ఆపుతున్నది ఈ గాజుముక్కే. ఏళ్ళ తరబడి ఆపుతుంది. వేడి తగిలితే ఒకేఒక్కసారి పగులుతుంది. అంతే దాని పని.”

“రొట్టె మాడి పొగొస్తే ఇల్లంతా నీళ్ళేగా? మా నాన్న అదే అంటాడు. నేనూ అదే చెప్పబోతున్నా కౌన్సిల్లో.”

“పొగ దానికి తెలీదు. వేడే తెలుసు. ఏ గదిలో మంటుంటే ఆ గదిలోదే విచ్చుకుంటుంది. మిగతావి నిద్రపోతూనే ఉంటాయి.”

టాడ్ ఆ గాజుని వెలుతురుకి పట్టుకుని చూశాడు. చిన్న వస్తువుల ముందు మనిషి ఒక్కోసారి ఎందుకు చిన్నబోతాడో చెప్పడం కష్టం. ఏళ్ళ తరబడి ఏమీ జరగకపోయినా సిద్ధంగా ఉండడం అనే పని ఒకటుందని అతనికి అంతవరకూ తోచలేదు.

“నువ్వు దీంట్లోకి ఎందుకొచ్చావు?” అన్నాడు.

“ఇక్కడికి రాకముందు వేరే ఊళ్ళో మంటలార్పే బండి మీద ఉండేదాన్ని. చాలా వేగంగా వెళ్ళేవాళ్ళం.” ఆమె స్ప్రింక్లర్ తీసుకుని జేబులో వేసుకుంది. “ఎంత వేగంగా వెళ్ళినా, మంట కంటే వెనకే వెళ్ళేవాళ్ళం.”

*

శనివారం పగలు ఊరంతా స్టేషన్ పెరట్లోనే ఉంది. వేడివేడి ఆపిల్ రసాలు, జామ్ నింపిన డోనట్లు, మెడ మీద పిల్లల్ని ఎక్కించుకున్న తండ్రులు. స్టాన్ చేతులు కట్టుకుని ముందువరసలో నిలబడ్డాడు. బూషాకి కుర్చీ వేశారు. కౌన్సిల్ సభ్యులూ వచ్చారు.

మేవ్ బరువైన కోటు, హెల్మెట్ వేసుకుని స్ప్రింక్లర్ ఉన్న గదిలోకి వెళ్ళి, తెర పక్కనున్న చెత్తబుట్టలో అగ్గిపుల్ల గీసి వేసి వచ్చింది. కాగితాలు అంటుకున్నాయి. తెర అంచు అంటుకుంది. పొగ అలారం కూసింది. కప్పులోంచి చిన్న తెల్లటి మూత ఊడి చాప మీద పడింది. టప్పుమని ఏదో పగిలింది, నీళ్ళు గొడుగులా విచ్చుకున్నాయి, తెర మీది మంట తలొంచుకుంది.

“అంతేనా?” అన్నారెవరో వెనకనుంచి. కొందరు నవ్వారు. స్టాన్ కూడా కాస్త నవ్వాడు.

మేవ్ రెండో గదిలోకి వెళ్ళింది. అదే చెత్తబుట్ట, అదే తెర. అగ్గిపుల్ల వేసి బయటికొచ్చేసింది.

కాసేపు రెండూ ఒక్కలాగే ఉన్నాయి. తర్వాత మంట తెర పట్టుకుని పైకెక్కింది, అక్కణ్ణుంచి సోఫా మీదికి దిగింది. సోఫా లోంచి నల్లటి పొగ లేచి కప్పు కింద పరుచుకుంది. తొట్టెలో నీళ్ళు కిందినుంచి నిండుతాయి, ఈ గది పైనుంచి నిండుతోంది. పొగ గోడలంట దిగుతూ దీపాన్ని మింగింది, కిటికీని మింగింది. జనం మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

ఆ తర్వాత, మంట ఇంకా తాకనే తాకని బల్ల, ఎవరూ ముట్టని పుస్తకాలు, దూరపు మూలనున్న చాప, అన్నీ ఒక్కసారిగా వాటంతటవే అంటుకున్నాయి. గదిలో మంట ఉండడం పోయింది. గదే మంటైంది. పెద్ద జంతువేదో ఊపిరి వదిలినట్టు శబ్దం వచ్చింది. వేడి చెయ్యెత్తి మొహం మీద తోసినట్టైతే ముందువరస మొత్తం వెనక్కి అడుగేసింది. పిల్లలు ఏడవలేదు. ఏడవాలని కూడా తోచనంత పెద్దగా ఉందది.

పాలు పొంగే లోపల, టాడ్ ఇన్నాళ్ళు మేకు మేకూ చూసి కట్టిన గది లేదు.

ఆ మంట ముందు, అందరికంటే దగ్గరగా, మేవ్ నిలబడి ఉంది. చెయ్యెత్తింది. గొట్టాలు పట్టుకున్నవాళ్ళు నీళ్ళు వదిలారు. ఆవిరి ఆకాశమంత లేచింది.

బూషా మనవడి మోచెయ్యి పట్టుకుంది. “సోఫా మీద నేనుండి ఉంటే, లేచి చెప్పులు వేసుకునేదాన్ని,” అంది నెమ్మదిగా. “అంతవరకే వ్యవధి ఉండేది నాకు.”

టాడ్ ఆమెని నడిపించుకుని మొదటి గదిలోకి తీసుకెళ్ళాడు. చాప తడిసింది. తెర సగం నల్లబడింది. దీపం ఎలా పెట్టింది అలాగే ఉంది, పుస్తకాలు నీళ్ళకి కాస్త ఉబ్బాయి. ఇందాక నవ్విన జనం వరసగా వచ్చి, గుళ్ళో నడిచినట్టు నడిచి, తడి సోఫాని వేళ్ళతో తాకి వెళ్తున్నారు. స్టాన్ కూడా తాకాడు.

మేవ్ హెల్మెట్ తీసి, చెమటకి అంటుకున్న జుట్టు వెనక్కి తోసుకుంటూ వచ్చింది. టాడ్ ఏదో అనబోయాడు.

“ఇప్పుడేం అనకు,” అంది. “సోమవారం కౌన్సిల్లో మాట్లాడాల్సింది నువ్వు. నేనేమన్నా నిన్ను మార్చడానికే అన్నానంటారు.”

*

సోమవారం సాయంత్రం కౌన్సిల్ గదిలో మేవ్ ముందు మాట్లాడి కూర్చుంది. తర్వాత టాడ్ లేచాడు. మొదటి వరసలో తండ్రి, తండ్రి వెనక ఊళ్ళో బిల్డర్లంతా.

“నేను బిల్డర్ల తరఫున వచ్చాను,” అన్నాడు. “ఇళ్ళ ఖర్చు పెరుగుతుందని, కొనేవాళ్ళు పక్కూరికి పోతారని చెప్పమన్నారు. అది నిజమే. చెప్పాను.”

ఆగాడు. ఎవరూ అతన్ని అలా ఆగగా చూడలేదు.

“మా నాయనమ్మ వంటగదిలో స్ప్రింక్లర్ మూతలన్నీ నేనే రంగేసి మూసేశాను. ఆవిడంటే ప్రాణం నాకు. ఆ ప్రాణంతోనే, ఆవిణ్ణి కాపాడేదాన్ని నా చేత్తో అతికించి, నిచ్చెన దిగి మురిసిపోయాను. ఇన్‌స్పెక్టర్ రాకపోతే అవి అలాగే ఉండేవి. మంచి మనసుంటే చాలు, నిబంధనెందుకు అంటారు మావాళ్ళు. నా మనసు మంచిదేనండీ. చాల్లేదు. నిబంధన ఉంచండి.”

అని కూర్చున్నాడు. వెనక వరసల్లో కుర్చీలు కిరకిరలాడాయి. స్టాన్ కదల్లేదు.

ఓట్లు చెరిసగమయ్యాయి. చివరి ఓటు కౌన్సిల్ అధ్యక్షురాలిది. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, “శనివారం నుంచీ మా సోఫాలో కూర్చోలేకపోతున్నాను,” అని చెప్పి, నిబంధన వైపు చెయ్యెత్తింది.

గది ఖాళీ అవుతుండగా స్టాన్ లేచి, కొడుకుని దాటుకుని, సరాసరి మేవ్ ముందుకి వెళ్ళాడు.

“మావాడు నా మాట మాట్లాడలేదు,” అన్నాడు స్టాన్.

“వినబడింది,” అంది మేవ్.

“అయితే అబద్ధమూ ఆడలేదు.” ఆయన టోపీ పెట్టుకున్నాడు. “ఆదివారం మా ఇంటికి భోజనానికి రా. మా అమ్మ బంగాళదుంప కూరి పియరోగీలు చేస్తుంది. అది పాత ఇల్లు, స్ప్రింక్లర్లు లేవు. ధైర్యముంటేనే రా.”

బయట వాన మొదలైంది. సన్నగా, తీరుబడిగా పడుతోంది. మెట్ల మీద చూరు కింద ఇద్దరూ ఆగారు. టాడ్ చెప్పాలనుకున్నవన్నీ మైకు ముందే ఖర్చైపోయినట్టున్నాయి.

“మేవ్, నీతో ఒక మాట...”

“ముందు నాదొకటి విను. మీ బూషా ఇంటికి మళ్ళీ తనిఖీ ఉంది కదా. నేను రావట్లేదు. వేరేవాళ్ళని పంపమని మా చీఫ్‌కి చెప్పేశాను.”

అతని మొహం వాడిపోయింది. “ఎందుకు?”

“ఇన్‌స్పెక్టర్‌కి ఆ ఇంటి మనుషుల మీద మనసుంటే, ఆ ఇంటిని తనిఖీ చేయకూడదు. నిబంధన.”

“చీఫ్‌కి ఎప్పుడు చెప్పావు?” అన్నాడు టాడ్. “ఇప్పుడా, ఓటయ్యాకా?”

“పొద్దున్న.” మేవ్ వాన వంకే చూస్తోంది. “సాయంత్రం నువ్వు లేచి నిబంధన తీసెయ్యమంటావనే అనుకున్నాను అప్పటికి.”

ఊళ్ళో నోరున్నవాడని పేరు పడ్డ టాడ్ వ్రోబెల్, ఆ మెట్ల మీద, ఒక్క మాట కూడా దొరక్క, ఆమెనే చూస్తూ నిలబడిపోయాడు. మేవ్ కాసేపు ఓపిక పట్టింది. తర్వాత తనే అతని చెయ్యి పట్టుకుని వానలోకి దిగింది.