పెద్దవాళ్ల కోసమే

ప్రేమ కళ్లలో పుడుతుందని అందరూ అంటారు. నాది ముక్కులో పుట్టింది.

ఆ రోజు మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఆస్పత్రి వాళ్లు టేబుల్ వేసి అందరికీ టెస్టులు చేస్తున్నారు. నా వంతు వచ్చింది. ఎదురుగా నిలువెల్లా తెల్లటి కిట్టు, దానిమీద అద్దాలు, అద్దాల వెనక రెండు కళ్లు. లోపలున్నది ఆడో మగో కూడా తెలియదు.

"తల పైకెత్తండి. కదలకండి."

గొంతు విన్నాక తెలిసింది. కదలకూడదనే అనుకున్నాను. కానీ ముక్కులో పెట్టిన పుల్ల మెదడుదాకా వెళ్లి, అక్కడేమీ దొరక్క తిరిగొస్తుంటే తుమ్మొచ్చింది. సరాసరి ఆమె అద్దాలమీదే తుమ్మాను.

"మీకంటే చిన్నపిల్లలు నయమండీ," అంది.

"వాళ్లకి చిన్న పుల్ల పెడతారేమో."

"మాట్లాడకండి. రెండోవైపు మిగిలింది."

ముందు కోపమే వచ్చింది. అది మర్నాడు ఫోన్ వచ్చేదాకా ఉంది.

"మూడో అంతస్తు తుమ్ముగారేనా? మీకు నెగెటివ్. నేను రెండో అంతస్తులోనే ఉంటాను. ఈసారి తుమ్మొస్తే కాస్త పక్కకి తిరగండి."

రెండో అంతస్తంటే స్టేషన్ మాస్టర్‌గారి ఇల్లు. ఆయన రిటైరై ఏళ్లు గడిచినా ఇంకా డ్యూటీలోనే ఉన్నట్టుంటారు. ఈమె ఆయన మనవరాలు, ల్యాబ్ టెక్నీషియన్. ఆస్పత్రి దగ్గరవుతుందని తాతగారింటికి వచ్చి ఉంటోంది.

ఒకే బిల్డింగ్, ఒకటే మెట్లు, కలవడం ఎంతసేపు అనుకుంటున్నారా? మీకు టోకెన్ సంగతి తెలియదు.

జబ్బు మొదలవగానే అసోసియేషన్ వాళ్లు లిఫ్టు ఆపేశారు. ఇరుకు మెట్లమీద ఇద్దరు ఎదురుపడితే ఎలా అని ప్రెసిడెంటుగారు మీటింగ్ మీద మీటింగ్ పెడుతుంటే, స్టేషన్ మాస్టర్‌గారు ఒక్క ముక్కలో తేల్చేశారు. "ఇది సింగిల్ లైనండీ. టోకెన్ ఉన్న బండే కదలాలి."

తీగలూడిన షటిల్ బ్యాటుకి ఎర్ర రిబ్బను కట్టి అదే టోకెన్ అన్నారు. డాబామీద కప్పీ బిగించి, తాడుతో దాన్ని అందరి బాల్కనీల పక్కగా వేలాడదీశారు. ఎవరు మెట్లెక్కాలన్నా దిగాలన్నా ఆయనకి ఫోన్ చెయ్యాలి. ఆయన తాడు లాగితే టోకెన్ వాళ్ల దగ్గరికి వస్తుంది. పనయ్యాక మళ్లీ తాడుకి తగిలించాలి. ఒక టోకెన్‌కి ఒక మనిషి. రైళ్లు గుద్దుకోకుండా కనిపెట్టిన ఏర్పాటు మేమిద్దరం కలుసుకోకుండా కూడా భేషుగ్గా పనిచేసింది.

ఇంతలో పండగ దగ్గరపడింది. గుంపులు కూడదన్నారు. బంధువులు రాకూడదన్నారు. పెళ్లికైనా చావుకైనా ఇరవైమందే అన్నారు. ప్రెసిడెంటుగారు అపార్ట్‌మెంట్ గ్రూపులో ఏడుపు బొమ్మలు వరసగా పెట్టి, "మనం ఎలాగోలా సర్దుకుంటాం. పాపం పెద్దవాళ్లు! పండగ లేకపోతే ఏమైపోతారు?" అని రాశారు. ఆయన ఏటా పండగరోజు గంటసేపు ఉపన్యాసం ఇస్తారు. ఆ బాధ పెద్దవాళ్ల గురించే అని అందరం నమ్మాం.

నాకూ మా బామ్మమీద జాలేసింది. అమ్మా నాన్నా వేరే ఊళ్లో చిక్కుకుపోయారు, ఇంట్లో మేమిద్దరమే. నేను వెళ్లేసరికి బామ్మ బాల్కనీలో స్టూలుమీద కాళ్లు చాపుకుని డిటెక్టివ్ నవల చదువుతోంది.

"బామ్మా, ఈసారి పండగ లేదు. బాధగా ఉందా?"

"చాలా బాధగా ఉందిరా," అంది పేజీ తిప్పుతూ.

"చుట్టాలెవరూ రారు."

"ఖాయమేనా?"

"ఖాయమే."

"మళ్లీ మాట మార్చరుగా?"

"మార్చరు బామ్మా."

గట్టిగా ఊపిరి వదిలింది. పిచ్చితల్లి, లోపల ఎంత దిగమింగుకుంటోందో అనుకున్నాను. నా తెలివి అలాంటిది.

వెంటనే రెండో అంతస్తుకి ఫోన్ చేశాను. "మీ తాతగారు కూడా డల్‌గా ఉన్నారా?"

"లేదే. పొద్దున్నించీ ఈల వేస్తున్నారు."

"అదే. బాధ కప్పిపుచ్చుకోడానికి వేస్తారు."

"మీరేమైనా సైకాలజీ చదివారా?"

"సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. తప్పులు వెతకడం నా పని."

"నా పనీ అదే. మీరు ముక్కుల్లో వెతకరు, అంతే."

అలా మొదలైంది మా సమాజసేవ. పెద్దవాళ్ల కోసం వీడియోలో పండగ చేయాలని నిర్ణయించాం. ప్రెసిడెంటుగారు ఎగిరి గంతేశారు. ఇక రోజూ ఆమె డ్యూటీ దిగగానే ఫోన్. ఎవరి పాట ముందు, ఎవరి మైకు ఆపాలి, కళ్లజోడు లేకుండా బామ్మకి స్క్రీన్ కనపడుతుందా. పది నిమిషాల్లో తేలే విషయాన్ని గంటసేపు చర్చించేవాళ్లం. పెద్దవాళ్ల కోసం మనుషులు ఎంత త్యాగం చేస్తారో నాకు అప్పుడే తెలిసింది.

ఒకసారి ఫోన్లో ఉండగా వాన మొదలైంది. నేను బాల్కనీలోంచి తొంగిచూశాను. కింద బాల్కనీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి చినుకులు పట్టుకుంటోంది. మనిషి కనపడలేదు, మణికట్టు దాకానే. నేను మాట మధ్యలో ఆపేశాను.

"ఏమైందండీ, సిగ్నల్ పోయిందా?" అంది.

"పోయింది," అన్నాను.

పండగ ఇంకొద్ది రోజులుందనగా ఆమె మామూలుగా, పాటల సంగతి చెప్పినట్టే చెప్పింది. "నాకు బదిలీ అయింది. వేరే ఊళ్లో కొత్త ఆస్పత్రి. పండగ వెళ్లిన రెండోరోజు ప్రయాణం."

అప్పుడు నోరు తెరిచి ఏదైనా అనాలి కదా. "మరి ప్రోగ్రాముకి ఉంటారుగా?" అన్నాను.

"అంతేనా? ఇంకేమీ అడగరా?"

"మీ తాతగారికి ఏ పాట ఇష్టమో కనుక్కోమన్నాను..."

"కనుక్కుంటాను," అని పెట్టేసింది. ఇలాంటి మాట ఫోన్లో చెప్పేది కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎదురుగా నిలబడి చెప్పాలి, పండగరోజే చెప్పాలి. ఆ తర్వాత ఆమె ఉండదు.

పండగ సాయంత్రం రానే వచ్చింది. స్క్రీన్ నిండా గళ్లు, గళ్ల నిండా మొహాలు. నడుం పైన కొత్తబట్టలు, నడుం కింద నిక్కర్లు. ప్రెసిడెంటుగారు గొంతు సవరించుకుని, "మన పెద్దవాళ్ల కళ్లల్లో వెలుగు చూడటానికే ఈ..." అన్నారు. చూద్దామంటే పెద్దవాళ్లు ఒక్కరూ లేరు. ప్రతి గడిలోనూ ఒక ఖాళీ కుర్చీ. మా బామ్మ కోసం దిండు వేసి పెట్టిన కుర్చీ కూడా ఖాళీయే. ఇల్లంతా వెతికాను. లేదు.

ఫోన్ మోగింది. "మా తాతయ్య కనపడటం లేదు," అంది కంగారుగా.

"మా బామ్మా లేదు!"

"ఇప్పుడే డ్యూటీ నించి వచ్చాను. గేటు దగ్గరికి టోకెన్ ఆయనే దింపారు. ఇంటికొస్తే మనిషి లేరు."

"ఇంట్లో లేకుండా తాడెలా లాగారు?"

ఇద్దరికీ ఒకేసారి తట్టింది. కప్పీ ఉన్నది డాబామీద.

నేను తలుపు తీసేసరికి ఆమె బ్యాటు భుజాన వేసుకుని మెట్లెక్కి వస్తోంది. మాస్కు పైన అవే కళ్లు, ఈసారి అద్దాలు లేవు.

"టోకెన్ ఉందా మీ దగ్గర?" అంది.

"లేదు."

"అయితే ఆగండి. నేను వెళ్లి చూసొస్తాను."

"మా బామ్మని మీ తాతగారు ఎత్తుకెళ్లారేమోనని నా భయం. ఎలా ఆగుతాను?"

నవ్వు మాస్కులో ఆగలేదు. "సరే, దూరంగా నడవండి," అంది. నేను దూరంగానే నడిచాను. అంత దూరం కూడా ఎక్కువే అనిపించింది.

డాబామీద మా పెద్దవాళ్లున్నారు. మనిషికీ మనిషికీ మధ్య కొలిచినట్టు ఎడం వదిలి కుర్చీలు వేసుకున్నారు. అందరికీ మాస్కులున్నాయి. బామ్మ చీకటి పడేలోగా నవల ముగించే పనిలో ఉంది. ప్రెసిడెంటుగారి అమ్మగారు కళ్లు మూసుకుని గాలి పీలుస్తున్నారు. స్టేషన్ మాస్టర్‌గారు తాడు పక్కన కూర్చుని ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటున్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. వాళ్లంత హాయిగా ఉన్న మనుషుల్ని నేను అంతకుముందు చూడలేదు.

"బామ్మా! కింద మీ కోసం పండగ చేస్తుంటే..."

"చేసుకోండిరా. మేం అడ్డొచ్చామా?" అంది తలెత్తకుండా. తర్వాత పుస్తకం మూసింది. "పెళ్లయినప్పట్నించీ పండగంటే నాకు వంటగది గోడే. ముప్ఫైమందికి వండి, వడ్డించి, గిన్నెలు తోమి, అందరూ వెళ్లాక పండగ బాగా జరిగిందనేవాళ్లు. నేను ఎప్పుడైనా చూశానా? ఇదిగో, ఇవాళే పండగపూట కూర్చున్నాను."

"నాకు పండగంటే స్పెషల్ రైళ్లు," అన్నారు స్టేషన్ మాస్టర్‌గారు. "ఊరందరినీ ఇళ్లకి పంపించి నేను స్టేషన్లో ఉండేవాణ్ని."

"మా వాడి ఉపన్యాసం అయిపోయిందా నాయనా?" అని అడిగారు ప్రెసిడెంటుగారి అమ్మగారు.

"ఇంకా లేదండీ."

"అయితే ఇక్కడే ఉంటాను," అని మళ్లీ కళ్లు మూసుకున్నారు.

నాకు నిజంగా సిగ్గేసింది. ఇన్నాళ్లూ బామ్మ వండినవి తిని లేచిన ముప్ఫైమందిలో నేనూ ఒకణ్ణి. ఒక్క పండగకీ ఆవిడని కూర్చోమనలేదు.

స్టేషన్ మాస్టర్‌గారి చూపు అప్పుడు మామీద పడింది. టీ కప్పు కిందపెట్టి లేచి నిలబడ్డారు. "టోకెన్ ఒక్కటే ఉంది. మీరిద్దరు వచ్చారు. ఒకే లైన్లో రెండు బళ్లా?"

"రెండు బళ్లు కాదు తాతయ్యా," అంది ఆమె. "రెండు ఇంజన్లు కలిపి కడితే?"

"అది ఒక బండే. ఒక టోకెన్ చాలు. కానీ కలిపి కట్టడమంటే..." అని ఆగిపోయారు. మనవరాలి వంక చూశారు, నా వంక చూశారు. "కట్టారా?"

"నన్ను అడిగితే ఎలా? ఆయన ఇంతవరకూ మీ పెద్దవాళ్ల గురించి తప్ప ఇంకోమాట మాట్లాడలేదు," అంది నా వైపు తిరిగి.

అందరూ నన్నే చూస్తున్నారు. ప్రెసిడెంటుగారి అమ్మగారు కూడా కళ్లు తెరిచారు. ఇంతమంది ముందు చెప్పాల్సి వస్తుందని తెలిస్తే ఆ రోజు ఫోన్లోనే చెప్పేవాణ్ని.

"పెద్దవాళ్లమీద జాలితో ఫోన్ చేయలేదు," అన్నాను. "నీ గొంతు వినకపోతే తోచక చేశాను. నువ్వు వెళ్లిపోతున్నావన్నప్పట్నించీ నాకు నిద్ర లేదు. వెళ్లు, ఉద్యోగం కదా. కానీ నా దానివై వెళ్లు. నువ్వంటే నాకు ప్రాణం."

"ఇప్పుడు నువ్వు అంటున్నారే!" అంది.

"తప్పయితే వెనక్కి తీసుకుంటాను."

"వద్దు, అలాగే ఉంచు."

బామ్మ మా గొడవ పట్టించుకోలేదు. ఏదో లెక్క వేసుకుంటున్న మొహంతో స్టేషన్ మాస్టర్‌గారిని అడిగింది. "ఇప్పుడు పెళ్లికి ఎంతమందిని రానిస్తున్నారండీ?"

"ఇరవైమందే."

"వచ్చేవారం నించి నూరు చేస్తారట," అన్నారు ప్రెసిడెంటుగారి అమ్మగారు. "పొద్దున వార్తల్లో చెప్పారు."

బామ్మ గభాలున లేచింది. నూరుమంది చుట్టాలు తిని వెళ్లిన గిన్నెలు ఆవిడ కళ్లముందు కనపడుతున్నట్టున్నాయి.

"ఒరేయ్, అమ్మానాన్నలకి ఇప్పుడే ఫోన్ చెయ్యి. అమ్మాయి వాళ్లకి కూడా. రాలేకపోతే ఆ వీడియోలో కూర్చోమను, దానికైనా పనికొస్తుంది. ఏమ్మా, ఎల్లుండి కదూ నీ ప్రయాణం? రేపు ఖాళీయేనా?"

ఆమె మాస్కు దించింది. ఆ మొహం నేను చూడటం అదే మొదలు.

"మధ్యాహ్నందాకా డ్యూటీ ఉంది బామ్మగారూ."

"సాయంత్రం చాలు," అంది బామ్మ.