పక్క సీటు పరిశోధన

శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో పొందూరు బస్సు అప్పుడే ప్లాట్‌ఫాం మీదికొచ్చి ఆగింది. మిట్టమధ్యాహ్నం. బస్సులో ఉపేంద్ర తప్ప నరమానవుడు లేడు. పొందూరులో కాలిపోయిన మోటార్లకి కొత్త తీగ చుట్టి రివైండింగ్ చేసే షాపు అతనిది. కొన్న రాగి తీగ సంచిలో పెట్టుకుని, కిటికీ పక్కన కూర్చుని, కునుకు తీద్దామని కళ్లు మూశాడు.

ఎవరో వచ్చి పక్కన కూర్చున్నారు.

కళ్లు తెరిస్తే ఆకుపచ్చ చుడీదారు, ఒళ్లో నోటుబుక్కు, చేతిలో పెన్ను. ఉపేంద్ర బస్సంతా ఒకసారి కలయజూశాడు. ఎటు చూసినా ఖాళీ సీట్లే.

"ఏటండీ... బస్సంతా ఖాళీగా ఉన్నాది."

"అవునండీ, హాయిగా ఉంది," అని ఆ అమ్మాయి వాచీ చూసుకుని ఏదో రాసుకుంది.

ఉపేంద్ర సంచి ఒళ్లోకి తీసుకున్నాడు. కిటికీకి అతుక్కుపోయాడు. ఇంక లాభం లేదని లేచి, దారి అడిగి, వెనక వరసలోకి వెళ్లి కూర్చున్నాడు. అమ్మాయి పెన్ను కొరుకుతూ ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత తనూ లేచి వచ్చి మళ్లీ పక్కనే కూర్చుంది.

"నేను మీకు తెలుసునా?"

"తెలీదండీ."

"మరి నాతో ఏటి పని?"

"ఏం లేదు. మీరు మామూలుగా ఉండండి."

ఇంతలో జనం ఎక్కారు, బస్సు కదిలింది. కండక్టర్ నూకయ్య టికెట్లు కొడుతూ వచ్చి ఆగిపోయాడు. ఆయనది ఉపేంద్ర వాళ్ల వీధే.

"ఒరే అల్లుడూ! మాకు సెప్పకుండా ఇంత కత నడిపేస్తన్నావేట్రా?"

"మావా, నాకేటీ తెలీదు! నీ మీదొట్టు!"

"నా మీదెందుకురా ఒట్టు? పాపా, నువ్వైనా సెప్పు."

"ఎచ్చెర్ల యూనివర్సిటీ," అంది ఆ అమ్మాయి, ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ కోసం చెయ్యి చాపుతూ.

ఉపేంద్ర ఓరకంట నోటుబుక్కులోకి చూశాడు. 'సబ్జెక్ట్ నంబర్ 4. మగ. ఇరవై ఏడు ఉండొచ్చు. చెవులు ఎర్రబడ్డాయి. సంచిని డాలులా పట్టుకున్నాడు.'

యూనివర్సిటీ స్టాపులో దిగబోతూ ఆ అమ్మాయి వెనక్కి తిరిగింది. "చాలా థాంక్సండీ. మీరు చాలా బాగా ఇబ్బంది పడ్డారు!"

ఉపేంద్ర ఇల్లు చేరేసరికే వార్త చేరిపోయింది. అరుగు మీద రాట్నం ముందు కూర్చున్న మామ్మ లక్ష్మీనరసమ్మ నూలు మీంచి కళ్లెత్తకుండానే అడిగింది.

"ఆ గుంటది ఏ ఊరురా?"

"ఏ గుంట, మామ్మా?"

"నీ పక్కన కూకున్న గుంట. సీటు మారినా వదల్లేదంట కదా."

మూడో రోజున ఉపేంద్రకి మాట్లాడుతున్న రాజాం సంబంధం వాళ్లు ఫోన్ చేశారు. మీవాడికి వేరే ఎవరో ఉన్నట్టుంది, మేం వేరే చూసుకుంటాం అన్నారు. ఆ పిల్ల ఫొటో చూసినప్పుడు ఉపేంద్రకి ఏమీ అనిపించలేదు కాబట్టి అతనికి బాధ కలగలేదు. కానీ ఆ సంబంధం కుదిర్చింది మామ్మ. ఆవిడ ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు ఉపేంద్ర షాపు మూసి ఎచ్చెర్ల బస్సెక్కాడు.

వాకబు చేసుకుంటూ వెళ్తే సోషియాలజీ డిపార్ట్‌మెంట్ వరండాలో ఆ అమ్మాయే ఎదురైంది.

"అయ్యో, నాలుగో నంబరు!"

"నాకో పేరున్నాదండీ. ఉపేంద్ర."

"నా పేరు మహతి. ఏంటిలా వచ్చారు?"

"ఆ రోజు ఏటి సేసారో కనుక్కుందామని."

"రాయని రూల్స్ కొన్ని ఉంటాయండీ. ఖాళీ బస్సులో పరాయి మగవాడి పక్కన కూర్చోకూడదని ఎక్కడా బోర్డుండదు. అయినా అందరికీ తెలుసు. అది తప్పితే ఏమవుతుందో చూడడమే నా ప్రాజెక్టు."

"ఏటవుతాదో నేను సెప్తాను, రాసుకోండి. వచ్చిన సంబంధం పోతాది."

మహతి మొహం పాలిపోయింది. లోపలినుంచి ఝాన్సీ మేడమ్ బయటికొచ్చారు. ఆవిడే మహతికి గైడు. అంతా విని తల పట్టుకున్నారు.

"మా శాస్త్రంలో తెగని గొడవే ఇది బాబూ. సమాజం గోడలా ముందే ఉండి మనల్ని ఆపుతుందా, మనమే రోజూ ఇద్దరిద్దరం కూర్చుని ఆ గోడ కట్టుకుంటున్నామా అని. ఇంకోటీ ఉంది. చూసేవాళ్లు ఒడ్డున ఉండి చూడగలరా, వాళ్లూ తడవాల్సిందేనా అని. ఈ పిల్ల ఒడ్డునే ఉన్నాననుకుంది." మహతి వైపు తిరిగారు. "అతని సంతకం లేకుండా అతని పేజీ వాడటానికి వీల్లేదు. ముందు అడిగి తెచ్చుకో."

"మా మామ్మకి వచ్చి సెప్పండి. అప్పుడెడతాను సంతకం," అన్నాడు ఉపేంద్ర.

ఆ శనివారం మహతి పొందూరు వచ్చింది. అరుగు మీద కూర్చుని, ఇది ప్రేమా కాదు దోమా కాదు, చదువు కోసం చేసిన ప్రయోగం అని అరగంట సేపు చెప్పింది. లక్ష్మీనరసమ్మ శ్రద్ధగా విన్నది.

"ఎంతమంది పక్కన కూకున్నావమ్మా?"

"అయిదుగురి పక్కన, మామ్మగారూ."

"మరి మిగతా నలుగురి ఇళ్లకీ ఎల్లి సెప్పొచ్చినావా?"

మహతి నోటుబుక్కుతో మొహం కప్పుకుంది. ఉపేంద్ర నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగాడు.

"సరేలే. అన్నం తిని ఎల్లు," అంది మామ్మ. ఆ పూట తనూ కడుపునిండా తిన్నది.

సంతకం మాత్రం ఉపేంద్ర పెట్టలేదు. చదవకుండా సంతకం ఎలా పెడతానన్నాడు. మహతి వారం వారం కాగితాలు తెచ్చేది, అతను వారం వారం ఒక కొత్త అనుమానం అడిగేవాడు. ఒకసారి వాన పట్టుకుంది. అంత వానలోనూ తడుస్తూ షాపుకొచ్చి, చున్నీ పిండుకుంటూ వాదనకి దిగింది.

"మీరు లేచి వెళ్లింది మీ ఇష్టం కాదండీ. సమాజం మిమ్మల్ని లేపింది."

"నా కాళ్లతో నేనే లేచానండి."

"అలా అనిపిస్తుంది. మీ మోటారునే తీసుకోండి. తీగ ఎలా చుడితే కరెంటు అలాగే పోతుంది. మనం కరెంటు, సమాజం ఆ చుట్ట."

ఉపేంద్ర చేతిలో ఉన్న రాగి తీగ చుట్ట చూపించాడు. "నిజమేనండి. కానీ ఇది సుట్టింది మనిసే కదా. కాలిపోతే కోసి పారేసి కొత్తది సుడతాం. రోజుకి నాలుగు సుడతాను నేను."

మహతి తడి చేత్తోనే నోటుబుక్కు తీసి ఆ మాట రాసుకుంది. రాసుకున్నాక కూడా అతని చేతులకేసి చూస్తూ ఉండిపోయింది. అతను తల ఎత్తగానే వానకేసి చూసింది.

"ఇది కూడా పేపర్లోకేనా?"

"ఇంకా తేలలేదు," అంది వాననే చూస్తూ.

సంతకం యూనివర్సిటీ సెమినారు ముందురోజు దొరికింది. సెమినారు నాడు ఉపేంద్ర ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక బెంచీలో కూర్చున్నాడు. మహతి పేపరు బ్రహ్మాండంగా చదివింది. చప్పట్లయ్యాక ఝాన్సీ మేడమ్ కళ్లద్దాలు సర్దుకున్నారు.

"ఒక్క ప్రశ్న. నీ పద్ధతి ప్రకారం ఒక మనిషికి ఒక్క సీటే. మిగతావాళ్లు లేచిపోతే వదిలేశావు. నాలుగో నంబరు వెనకాల రెండో సీటుకి ఎందుకెళ్లావు?"

మహతి కాగితాలు అటూ ఇటూ తిప్పింది. వాటిలో జవాబు లేదు.

"అది... ఏ సిద్ధాంతంలోకీ రావట్లేదు మేడమ్."

హాలు ఈలలతో దద్దరిల్లింది. ఈసారి ఎర్రబడినవి మహతి చెవులు.

బయట మెట్ల దగ్గర ఉపేంద్ర ఎదురొచ్చాడు. "ఆ మాటేదో నాక్కూడా సెప్పొచ్చు కదా."

"ఇంకేం చెప్పాలి? మైకులో చెప్పాను కదా!"

ఇద్దరూ నవ్వారు. అంతలోనే మహతి నవ్వు ఆగిపోయింది. వాళ్ల నాన్న కూర్మనాథం గారు శ్రీకూర్మంలో ఫిడేలు నేర్పుతారు. తాతల నాటి నుంచీ గుడి సేవలో ఉన్న ఇల్లు. కులం వేరు, తిండి వేరు, ఇంటి తీరు వేరు. అక్కడే నిలబడి, పెళ్లిళ్లలో కులం ఎందుకు కదలదో లెక్చర్‌లా చెప్పింది.

"మీ నాన్నగారిని అడిగారా?"

"అడగక్కర్లేదు. నాకు తెలుసు."

ఆ తర్వాత రెండు వారాలు మహతి ఫోన్ ఎత్తలేదు. ఉపేంద్ర రెండు మోటార్లకి తీగ తప్పుగా చుట్టి మళ్లీ ఊడదీశాడు. చివరికి మెసేజ్ పెట్టాడు. 'ఆదివారం వస్తున్నాను. కాదన్నా సరే, ఆయన నోటితో వింటాను.'

ఆదివారం శ్రీకూర్మంలో ఆ ఇంటి గుమ్మం ముందు నిలబడి చొక్కా సర్దుకున్నాడు. లోపల కూర్మనాథం గారు ఫిడేలుకి తీగ బిగిస్తున్నారు. ఉపేంద్ర నోరు విప్పేలోగా మహతి వచ్చి తండ్రి ఎదట నిలబడింది.

"నాన్నా, ఇతని పేరు ఉపేంద్ర. పెళ్లంటూ చేసుకుంటే ఇతన్నే చేసుకోవాలనుంది. మీరేమంటారు?"

కూర్మనాథం గారు ఫిడేలు పక్కన పెట్టారు. "ఎన్నాళ్లయింది?"

"మూడు నెలలు. మీరు ఒప్పుకోరని తెలిసి..."

"తెలిసి? ఊళ్లో ఉన్న వాళ్లందర్నీ ప్రశ్నలడిగి రాసుకొస్తావు. ఇంట్లో ఉన్నవాణ్ని ఒక్క ప్రశ్న అడక్కుండానే నా జవాబు నువ్వే రాసేసుకున్నావా?"

మహతి కళ్లలో నీళ్లు తిరిగాయి. "కోపం లేదా నాన్నా?"

"లేకేం? ఉంది. మా అన్నయ్యకి ఎలా చెప్పాలా అని భయం కూడా ఉంది. ఆ తిప్పలేవో నేను పడతాను." ఆయన ఉపేంద్రని ఎగాదిగా చూశారు. "ఏం చేస్తావు బాబూ?"

"మోటార్లు బాగుసేస్తానండి."

"అయితే రా. మా నూతి మోటారు వారం రోజులుగా అపశ్రుతిలో మూలుగుతోంది. సాధన చెయ్యలేక చస్తున్నాను."

పెరట్లో ఉపేంద్ర మోటారు మీద చెయ్యి పెట్టి విన్నాడు. "బేరింగండీ. కొత్తది తెచ్చేస్తే గంటలో అయిపోతాది."

"గంటెందుకు?" తలుపు చాటునుంచి మహతి అంది. "సాయంత్రం దాకా చెయ్యండి."

కూర్మనాథం గారు పైకి వస్తున్న నవ్వుని దగ్గులో కలిపేసి, వంటింట్లో ఉన్న భార్యకి కేకేశారు.

"ఏమే జగదీశ్వరీ! ఇంకో అరిటాకు వెయ్యి."