బారుకీ ఒంటికీ మధ్య

"మీరు దూరం పెడుతున్నారండీ."

జ్యోతిర్మయి ఎత్తి వదిలేసిన బరువుల బారు ఇంకా దొర్లుతూనే ఉంది. తలెత్తి చూసింది. బందరు వెయిట్‌లిఫ్టింగ్ ప్రాక్టీసు హాలు రేకుల మీద వాన హోరెత్తుతోంది. ఓ మూల లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఒకతను కూర్చున్నాడు.

"ఎవర్ని?"

"బార్‌నండీ. నా పేరు క్రాంతి కుమార్, పామర్రు నుంచి వచ్చాను. మీ లిఫ్టులు వీడియో తీసి చూడమని మీ కోచ్ రత్నరాజు మాస్టారు పిలిచారు."

తెర మీద రెండు వీడియోలు పక్కపక్కనే ఆడుతున్నాయి. ఒకదాంట్లో తను. రెండోదాంట్లో గుడివాడ యశస్విని. ఆమెను దాటితేనే జాతీయ పోటీలకు వెళ్ళేది.

"నేల మీంచి లాగడంలో మీదే వేగం. కానీ ఆవిడ బారు తొడల్ని రాసుకుంటూ తిన్నగా లేస్తుంది. మీది జానెడు దూరంగా చుట్టు తిరిగి లేస్తుంది. అందుకే తల మీదకి వెళ్ళాక ముందుకు పడిపోతోంది. ఆవిడది చూడండి, ఎంత అందమో."

"అంత అందంగా ఉంటే గుడివాడ బస్సెక్కండి. ఈ వానలో ఇక్కడెందుకు?"

"నేనన్నది బారు నడక గురించండీ."

"బారుకి నడకొకటా? వయ్యారం కూడా ఉందేమో చూడండి."

కోపం అతని మీద కాదు. ఈసారి ఎంపిక కాకపోతే అవనిగడ్డలో బట్టల కొట్లో చేరతానని అమ్మకు మాటిచ్చింది. మాస్టారు ఏడాదిగా 'దగ్గరగా' అని అరుస్తూనే ఉన్నారు. చేతులే వినడం లేదు. ఎందుకో ఆమెకే తెలియదు.

ఆదివారం అవనిగడ్డ చేపల మార్కెట్లో ఉంది జ్యోతిర్మయి. అమ్మ వెంకటరత్నమ్మ కోడూరు నుంచి తెచ్చిన చేపల గంపల్ని తను ఆటోలోంచి దించుతోంది. ఎదురుగా క్రాంతి కుమార్ వచ్చి నిలబడ్డాడు. సారీ చెబుదామని, మాస్టారిని అడిగి వెతుక్కుంటూ వచ్చినవాడు, గంపకేసి చూసి నవ్వాడు.

"చేపలమ్ముకునేవాళ్ళంటే నవ్వొస్తోందా?"

"లేదండీ. ఒక్కసారి మీ చేతులు చూసుకోండి."

చూసుకుంది. గంపకీ ఒంటికీ మధ్య జానెడు ఖాళీ.

మెల్లగా కింద పెట్టింది. ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట నోట్లోంచి వచ్చేసింది.

"బడికెళ్ళే ముందు ఇవి దించేదాన్ని. యూనిఫాం మీద చేప నీళ్ళు పడితే ఆ రోజంతా నా బెంచీ మీద ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు."

అతని నవ్వు ఆగిపోయింది. రెండో గంప అందుకుని గుండెలకు హత్తుకున్నాడు. ఇస్త్రీ చొక్కా మీంచి నీళ్ళు ధారకట్టాయి. గంప దించి, వెళ్ళి టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడు.

"నా పక్కన కూర్చోడానికి మీకేమన్నా ఇబ్బందా?"

"బాగా కంపు కొడుతున్నారు," అంటూ వెళ్ళి కూర్చుంది.

"ఓ అబ్బాయ్," అని కేకేసింది వెంకటరత్నమ్మ. "ఇంకో గంపుంది."

మర్నాటి నుంచి ప్రాక్టీసులో బారు ఆమె తొడల మీద ఎర్రటి గీతలు పెట్టడం మొదలుపెట్టింది. ఆ మంట ఆమెకు బాగానే ఉంది.

ఎంపిక పోటీలు గుడివాడలో. యశస్విని తన ఆఖరి బరువు చక్కగా ఎత్తి దిగింది. ఆమెను దాటాలంటే జ్యోతిర్మయి ఇంతవరకూ ఎప్పుడూ ఎత్తని బరువు ఎత్తాలి. మిగిలింది ఒక్క ప్రయత్నం.

అరచేతులకు తెల్లపొడి రాసుకుని వంగింది. బారు మోకాళ్ళు దాటింది. బట్టను ఒరుసుకుంటూ, దారి తెలిసినదానిలా నిటారుగా లేచింది. ఆమె దాని కిందకు దూరి కూర్చుంది. తల మీద బారు ఊగలేదు. లేచి నిలబడింది.

లిఫ్టు ఒప్పుకున్నట్టు జడ్జీల తెల్ల దీపాలన్నీ వెలిగాయి.

యశస్వినే ముందుగా వచ్చి కౌగిలించుకుంది. "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే దీన్ని?"

జనంలో వెంకటరత్నమ్మ ముందు వరుసవాళ్ళ భుజాలు తట్టి మరీ "మా అమ్మాయేనండీ" అని చెబుతోంది.

జ్యోతిర్మయి నేరుగా క్రాంతి కుమార్ దగ్గరకు వెళ్ళింది.

"ఏదీ, చూపించండి."

అతను కెమెరాకేసి చూశాడు. "తియ్యలేదండీ."

"అదేంటి?"

"మీరు వంగారు. నొక్కాలన్న సంగతే మర్చిపోయి చూస్తూ ఉండిపోయాను."

"మరిప్పుడు నన్ను యశస్వినితో ఎలా పోలుస్తారు?"

"మిమ్మల్ని ఎవరితోనూ పోల్చలేనండీ. ఆ విషయంలో నా పని చెడి చాలా రోజులైంది."

అతని చెవులు ఎర్రబడ్డాయి. మైకులో ఆమె పేరు పిలుస్తున్నారు. జ్యోతిర్మయి పతకం వైపు నడిచి, సగంలో ఆగి వెనక్కి తిరిగింది.

"జాతీయ పోటీల్లో మళ్ళీ ఎత్తుతాను. కెమెరా ఇంకెవరికైనా ఇచ్చేసి రండి. మీరు ఊరికే చూద్దురుగాని."