పాట ఎవరు ఎత్తుకోవాలి

ఒకప్పుడు ఆ ఇంట్లో పొయ్యి వెలగకముందే పాట లేచేది. వడ్రంగి పనికి బయల్దేరే ముందు ఇంటాయన బల్ల మీద వేలి కణుపులతో రెండు దెబ్బలు వేసి పాట ఎత్తుకునేవాడు. భార్యా కూతురూ అందుకునేవారు. ఆదివారం చర్చి సంఘంలోనూ అంతే. అక్కడ ఆయన పేరే పాటలాయన. అలాంటి మనిషి గొంతులో క్యాన్సర్ పుండు పుట్టింది. పెద్దాసుపత్రిలో స్వరపేటిక తీసేసి, ఊపిరి కోసం మెడ ముందు ఒక రంధ్రం ఉంచారు. ప్రాణం దక్కింది కానీ మాట పోయింది.

అప్పట్నుంచీ ఆ ఇంటి ప్రార్థనలో పాట లేదు. అది ఇల్లాలి నిర్ణయం. వీధిలో అందరూ టైలరమ్మ అని పిలిచే ఆమె ఒక మాటంటే మాటే. "పాట ఎత్తుకోవాల్సింది ఆయన. ఆయన చోట ఇంకెవరూ నోరెత్తడానికి వీల్లేదు" అని తేల్చేసింది. బైబిలు వాక్యం చదువుకునేవారు, ప్రార్థించేవారు, పాట పాడాల్సిన చోట కాసేపు మౌనంగా కూర్చునేవారు. ఆ కాసేపూ ఆయన తల వంచుకుని బల్ల చెక్కలోని చారలు చూస్తూ ఉండేవాడు.

ఆ పొద్దున టైలరమ్మ మిషన్ ముందు కూర్చుని ఆయన మెడకు కట్టే గుడ్డ కుడుతోంది. పల్చటి నూలుగుడ్డ అది. ఒక్క దారప్పోగు కూడా ఊడి రంధ్రంలోకి పోకూడదని అంచును రెండుసార్లు మడిచి కుట్టింది. పుండు మళ్లీ రాకుండా కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకోవడానికి ఆయన ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు.

"అమ్మా, నాన్న చొక్కా వేసుకోనంటున్నాడు" అంటూ కూతురు వచ్చింది. బక్కపల్చగా ఉంటుందని ఇంట్లో ఆమెను పిట్ట అంటారు. ఆమె చేతిలో ఒక చెక్కముక్క ఉంది. మాట పోయాక ఆయన చెవి వెనకాలి వడ్రంగి పెన్సిల్‌తో ఇలాంటి ముక్కల మీదే రాస్తున్నాడు. దాని మీద లావుపాటి అక్షరాలు: "ఇక వెళ్లను. అక్క చెప్పింది."

టైలరమ్మ కాలు మిషన్ మీద ఆగిపోయింది. తలచుకున్నట్టే గుమ్మంలో ఆడపడుచు కనిపించింది. చేతిలో ప్రార్థన చేయించిన నూనె సీసా ఉంది.

"ఏం నూరిపోశావు వదినా, మీ తమ్ముడికి?"

"నూరిపోయడానికి నేనేమైనా పచ్చడి బండనా? విశ్వాసం చెప్పాను. ఆ కరెంటు ఆపేసి, ఈ ఆదివారం సంఘంలో నిలబడి స్వస్థత పొందానని ఒప్పుకుంటే దేవుడు గొంతు తిరిగిస్తాడు. ఒక కాలు ఆసుపత్రిలో, ఒక కాలు మందిరంలో పెడితే ఎట్లా?"

"ఒప్పుకోవడానికి నోరేదీ అత్తా?" అంది పిట్ట.

"నీది ఉందిగా, చదువుకున్న నోరు! ఇద్దరికీ సరిపోతుంది."

"నువ్వుండవే" అని కూతుర్ని ఆపి టైలరమ్మ లేచింది. "మధ్యలో మానేస్తే పుండు మళ్లీ తలెత్తుతుందని డాక్టరు చెప్పాడు. నువ్వూ విన్నావు."

"డాక్టరేమైనా దేవుడా?"

"కాదు. నువ్వూ కాదు, నేనూ కాదు. మరి ఎప్పుడేం ఇవ్వాలో దేవుడికి మనమెవరం చెప్పడానికి?"

"అదే, నీకు విశ్వాసం చాలకే..."

ఆ మాటతో టైలరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమన్నావు? ఆపరేషన్ గది బయట గచ్చు మీద మోకాళ్లూనింది ఎవరు? మెడలో పెట్టిన గొట్టంలో కఫం అడ్డుపడి ఆయన నీలం తిరిగిపోతుంటే, చేత్తో అది తీస్తూ నోటితో యేసయ్యా యేసయ్యా అన్నది ఎవరు? సిలువెక్కే ముందు రాత్రి తోటలో యేసయ్య నేల మీద పడి ఏడ్చాడే, ఈ బాధల గిన్నె నా దగ్గర్నుంచి తీసెయ్యమని! తీశాడా తండ్రి? అయితే ఆయనకీ విశ్వాసం చాల్లేదంటావా? చెప్పు వదినా! నేను దేవుణ్ణి వదలను, మందూ వదలను. ఆదివారం నిలబడాలా? నేనే నిలబడతాను. గొంతు రాలేదు, అయినా మేం వచ్చాం అని చెప్తాను. ఎవరడ్డొస్తారో రమ్మను!"

ఆడపడుచు మొహం పాలిపోయింది. "అమ్మ పోతే వాణ్ణి చంకనేసుకుని పెంచినదాన్ని. మళ్లీ వాడి పాట వినకుండానే పొమ్మంటావా నన్ను?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఠక్, ఠక్.

ముగ్గురూ ఉలిక్కిపడి చూశారు. ఆయన ఎప్పుడు వచ్చాడో, బల్ల దగ్గర తన చోట కూర్చుని ఉన్నాడు. మరో చెక్క తీసుకుని మెల్లగా రాసి భార్య వైపు తోశాడు.

"అక్కకు నా పాట కావాలి. నువ్వూ రోజూ ఇక్కడ దాని కోసమే ఆగుతున్నావు. పాట లేని నేను ఎవరికీ అక్కర్లేదా?"

టైలరమ్మ ఆ చెక్క పట్టుకుని నిలబడిపోయింది. ఆయన గౌరవం కోసమని తాను కాపాడుకొచ్చిన మౌనం, రోజూ పొద్దున్నే ఆయన్నే వేలెత్తి చూపింది. వదిన నోటితో అడిగింది, తాను నోరు మూసుకుని అడిగింది. అంతే తేడా! పోయిన గొంతు కోసం ఆయన ప్రాణాన్నే పణంగా పెట్టబోయాడంటే, అందులో తన చెయ్యీ ఉంది. కళ్లనీళ్లు బొటబొటా చెక్క మీద పడ్డాయి.

"తప్పయిపోయిందండీ" అంది. కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. "శ్రుతీ లేదు, తాళమూ లేదు నాకు. భరించండి."

గొంతు సవరించుకుని పాట ఎత్తుకుంది. నూనె లేని మిషన్‌లా కీచుమంది ఆ గొంతు. అయినా ఆపలేదు, ఇంకా పైకెత్తింది. పిట్ట వచ్చి అందుకుంది. హడావిడిగా పరిగెత్తుతున్న పాటకు ఆయన మొహం చిట్లించి కణుపులతో బల్ల మీద కొట్టాడు. నెమ్మది, నెమ్మది. పాట ఆయన దెబ్బకు దారికొచ్చింది.

ఆడపడుచు గోడ వైపు తిరిగి నిలబడే ఉంది. ఆపరేషన్ అయ్యాక ఒక్కసారి కూడా ఆమె తమ్ముడి మెడ వైపు చూడలేదని టైలరమ్మకు తెలుసు. పల్లవికీ చరణానికీ మధ్య మిషన్ మీది గుడ్డ అందుకుని ఆమె చేతిలో పెట్టింది.

"కట్టు వదినా. పెంచిన చెయ్యేగా."

ఆడపడుచు నూనె సీసా బల్ల మీద పెట్టింది. కళ్లు మూసుకుంది, తెరిచింది, ముడి వేసింది. పలచటి గుడ్డలోంచి తమ్ముడి ఊపిరి వెచ్చగా ఆమె వేళ్లకు తగిలింది. "ఉన్నాడు" అంది గుసగుసగా. "నా చిట్టితండ్రి ఉన్నాడు." ఆ పైన పాటలో ఆమె గొంతూ కలిసింది.

ఆయన ఎడమ చేత్తో చొక్కా అందుకున్నాడు. కుడిచెయ్యి తాళం వదల్లేదు.

బయట ఆసుపత్రికి తీసుకెళ్లే బండివాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు.

"ఆగమనవే పిట్టా" అంది టైలరమ్మ. "ఇంకో చరణం ఉంది."